నాలుగో తరగతికి వచ్చినా చదవలేకపోతున్న బాబుకు తెలుగు ఎలా నేర్పాలి? పరిశోధనలు సమర్థించిన పద్ధతులు ఏవి?

ప్రశ్న
ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది నా దగ్గర నాలుగో తరగతి చదువుతున్న ఒక బాబు గురించి మీ సలహా కోరుతున్నాను. పిల్లవాడు మంచి మాటకారి. తండ్రి యార్డుకు ఎన్ని బస్తాల మిరపకాయలు తీసుకెళ్లాడో, ధర ఎంత పలికిందో, చేతికి ఎంత వచ్చిందో నోటితోనే లెక్క కట్టి చెబుతాడు. నేను చదివి వినిపించిన కథను మరునాడు ఒక్క సంఘటన కూడా వదలకుండా తిరిగి చెప్పగలడు. అదే కథను పుస్తకంలో చూపించి చదవమంటే మాత్రం రెండు వాక్యాలకు ఐదారు నిమిషాలు పడుతోంది.

పోయిన వారం అతని పక్కన కూర్చుని, అతను ఎలా చదివాడో అలాగే రాసుకున్నాను. ‘ఆవు’ను ‘ఆమ’ అన్నాడు. ‘మీద’ను ‘మిద’ అన్నాడు. ‘పుస్తకం’ దగ్గర ‘పుస’ అని ఆగిపోయి, కింద ఉన్న తావత్తు మీద వేలు పెట్టి ‘ఇది ఏమిటి టీచర్?’ అని అడిగాడు. ‘పిల్లలందరూ’ అన్న మాటలో చివరి అక్షరానికి వచ్చేసరికి మొదట చదివింది మరిచిపోయి, మళ్లీ ‘పి’ దగ్గర మొదలుపెట్టాడు. గుణింతం అప్పజెప్పమంటే ‘క’ నుంచి ‘కః’ వరకు తడుముకోకుండా చెబుతాడు. కానీ ‘కొ’ అని రాసిన కార్డు ఒక్కటే చూపిస్తే, ‘క, కా, కి, కీ’ అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా వస్తాడు. మూడేళ్లు మేము అతనికి నేర్పింది చదవడం కాదు, పాట మాత్రమేనని ఆ రోజు నాకు అర్థమైంది.

సలహాలకు కొదవ లేదు. ఈ పిల్లవాడు కంటితో చూసి నేర్చుకునే రకం కాబట్టి అన్నీ బొమ్మలతోనే చెప్పాలని ఒకరు అన్నారు. పుట మీద రంగు కాగితం పరిస్తే అక్షరాలు కుదురుగా కనిపిస్తాయని మరొకరు అన్నారు. ప్రతి పాఠాన్ని పదిసార్లు చూచిరాత రాయించమని పెద్దలు చెబుతున్నారు. పట్నంలో ఏదో కేంద్రంలో చూపిద్దామని, అప్పు చేసైనా డబ్బు కడతానని తండ్రి అడుగుతున్నాడు. ఆయన చేత ఖర్చు పెట్టించే ముందు నాకు నిజం తెలియాలి. పరిశోధన ఆధారిత బోధన అంటే ఏమిటి? ఇంగ్లీషు చదివే పిల్లల మీద జరిగిన పరిశోధనలు మన తెలుగు లిపికి ఎంతవరకు వర్తిస్తాయి? రోజుకు ఇరవై నిమిషాలకు మించి ఈ బాబు ఒక్కడికే కేటాయించలేను. ఆ ఇరవై నిమిషాలలో ఏం చేయమంటారు?


జవాబు 1
ప్రత్యేక విద్యా బోధకురాలు, సికింద్రాబాద్

టీచర్ గారికి నమస్కారం. పిల్లవాడి పక్కన కూర్చుని తప్పులను ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. మీరు రాసిన తప్పులు చూడటానికి ఒకే రకంగా ఉన్నా వాటి కారణాలు వేరు, వాటికి చేయవలసిన బోధన కూడా వేరు.

ముందుగా ఒక్క మాట. బాబు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించారా? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఈ రెండూ చూడమని అడగండి. అవి బాగానే ఉంటే అప్పుడు డిస్లెక్సియా (తెలివి బాగానే ఉన్నా మాటలు చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం) గురించి ఆలోచించవచ్చు. అయితే ఆ పేరు ఖాయమయ్యేదాకా బోధన ఆగనవసరం లేదు, ఎందుకంటే డిస్లెక్సియా ఉన్న పిల్లలకు అవసరమయ్యే బోధన, ఏ కారణం చేతనైనా చదువులో వెనకబడిన పిల్లలకు కూడా మేలే చేస్తుంది.

చదవడం నేర్పే విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక. మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించడం, ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధం, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం అనే ఐదు అంశాలను అది పరిశీలించింది. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని పిల్లలే ఊహించుకుంటారని వదిలేయకుండా, ఒక క్రమంలో, విడమరచి నేర్పినప్పుడు ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. మీ బాబుకు మాటలు ఉన్నాయి, కథ అర్థమవుతుంది. అతనికి అడ్డం పడుతున్నది రెండవది, దానివల్ల మూడవది. కాబట్టి మీ ఇరవై నిమిషాలు అక్కడే పెట్టండి.

కంటితో నేర్చుకునే రకం, చెవితో నేర్చుకునే రకం అనే విభజనకు వద్దాం. ఆ విభజనను బట్టి బోధిస్తే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి చెప్పారు. రంగు కాగితాలు, రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. దయచేసి ఆ తండ్రి చేత వీటికి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టించకండి. చూచిరాత వల్ల దస్తూరి బాగుపడవచ్చు. కానీ చూసి గీస్తున్నప్పుడు ఆ అక్షరం పలుకును గుర్తు తెచ్చుకోవలసిన అవసరం పిల్లవాడికి రాదు, అతనికి లేనిది సరిగ్గా ఆ అలవాటే.

ఇక మీ అసలు ప్రశ్న, తెలుగుకు ఏది వర్తిస్తుందన్నది. ఇంగ్లీషులో అక్షరాలు 26 మాత్రమే, కానీ ఒకే అక్షరం చోటును బట్టి పలుకు మార్చుకుంటుంది. తెలుగులో రాసినది రాసినట్టే పలుకుతాం, కానీ గుణింతాలు, వత్తులు కలిపితే గుర్తుపట్టవలసిన రూపాలు వందలలో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండు తరగతులతో ముగిసిపోదని, ప్రాథమిక తరగతులలో చాలా దూరం సాగుతుందని, అక్షరాన్ని ఇంకా చిన్న ధ్వనులుగా విడదీసే నేర్పు పిల్లలలో నెమ్మదిగా వస్తుందని అందులో తేలింది. కాబట్టి నాలుగో తరగతిలో కొన్ని సంయుక్తాక్షరాలు రాకపోవడమే ఒక లోపం కాదు. మీ బాబు విషయంలో ఆలోచించవలసింది ‘కొ’ దగ్గర వేళ్లు లెక్కపెట్టడం గురించి.

గుణింతం వరసగా అప్పజెప్పించడం కొంతకాలం పూర్తిగా ఆపండి. ముందు పుస్తకం లేకుండా నోటితో చేయండి. ‘క్’కు ‘ఇ’ కలిపితే ఏమవుతుంది, అదే ‘క్’కు ‘ఉ’ కలిపితే ఏమవుతుంది, ‘లు’లో నుంచి ‘ఉ’ తీసి ‘ఇ’ పెడితే ఏమొస్తుంది అని అడగండి. అది వచ్చాక గుడి, కొమ్ము రెండే తీసుకోండి. ఇవి రూపంలోనూ పలుకులోనూ దూరంగా ఉంటాయి కాబట్టి కలగాపులగం కావు. ‘కి, ము, లి, ను, తి, రు’ ఇలా వరస తప్పించి చూపించండి. మొదటిది మీరు చదవండి, రెండవది ఇద్దరూ కలిసి చదవండి, మూడవది అతను ఒక్కడే చదవాలి. తప్పు చదివితే అక్కడికక్కడే సరైన పలుకు చెప్పి, రెండు కార్డుల తర్వాత మళ్లీ అదే చూపించండి. గుడి, గుడిదీర్ఘం ఒకే రోజు పరిచయం చేయవద్దు. ఒకటి స్థిరపడ్డాక రెండవది తెచ్చి, అప్పుడు ‘పడు, పాడు’, ‘కుడి, కూడి’ వంటి జంటలతో హ్రస్వదీర్ఘాల తేడా వలన అర్థమే మారిపోతుందని చూపించండి. ‘మిద’ అనే తప్పు అక్కడ పోతుంది.

‘ఆవు’ను ‘ఆమ’ అనడం అజాగ్రత్త కాదు. మిగతా అక్షరాలకు కొమ్ము కుడిపక్కన చేరుతుంది. ‘వ’కు కూడా అలాగే చేరిస్తే అది ‘మ’ లాగా కనిపిస్తుంది కాబట్టి, ‘పు, వు’లలో కొమ్మును కిందికి దించి రాస్తాం. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. ‘వ, వు, మ, ప, పు’ ఐదూ ఒకే కాగితం మీద పెద్దగా రాసి, కొమ్మును మాత్రం వేరే రంగుతో దిద్ది, తేడా ఎక్కడుందో అతని చేతనే చెప్పించండి. (రంగు ఇక్కడ చూపు నిలిపేందుకు మాత్రమే.)

వత్తుల విషయంలో ‘గ్గ, బ్బ, డ్డ’ వంటివి తేలిక, ఎందుకంటే కింద ఉన్నది పైదాని రూపమే. త, న, మ, య, ర, ల అనే ఆరింటికి వత్తు రూపం అసలు అక్షరాన్ని పోలి ఉండదు. పాఠ్యపుస్తకం వీటిని మిగతావాటితో కలిపేస్తుంది. ఈ ఆరింటినీ నేను ఆరు మాటలతో నేర్పుతాను: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. అందులో నాలుగు, పిల్లవాడు బడికి రాకముందే రోజూ పిలిచిన పిలుపులు. ‘అత్త’లో తావత్తు స్థిరపడితే ‘పుస్తకం’ దగ్గర ‘ఇది అత్తలోది’ అని తానే అంటాడు.

‘పిల్లలందరూ’ సమస్య మన భాషకు ప్రత్యేకమైనది. ఇంగ్లీషులో రెండు మూడు ముక్కలుగా ఉండేది తెలుగులో ఒకే మాటగా అతుక్కుంటుంది. అక్షరం గుర్తుపట్టడానికే శక్తి అంతా ఖర్చైపోయిన పిల్లవాడికి మొదటి సగం నిలవదు. ‘పిల్లలు, అందరూ’ అని విడదీసి పలికి, పుస్తకంలో ఆ చోట పెన్సిల్‌తో సన్నని గీత పెట్టండి. కొన్ని వారాల తర్వాత గీత ఎక్కడ పెట్టాలో అతన్నే అడగండి. ఆ తర్వాత నలభై యాభై మాటల చిన్న భాగాన్ని వరుసగా మూడు నాలుగుసార్లు చదివించండి. ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చదివించే ఈ పద్ధతిని జే శామ్యూల్స్ 1979లో వివరించారు, ధారాళత కోసం నేటికీ ఎక్కువగా వాడుతున్నదే.

చివరిది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, కొలత. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డెనో రూపొందించిన పద్ధతి ప్రకారం వారానికొకసారి కొత్త భాగం ఇచ్చి ఒక్క నిమిషం చదివించి, సరిగ్గా చదివినవాటిని లెక్కపెట్టి, వారం వారం ఆ అంకెలను గళ్ల కాగితం మీద గుర్తు పెట్టి గీతతో కలపండి. అక్కడ మాటలు లెక్కపెడతారు. మన మాటలు పొడవు కాబట్టి మీరు అక్షరాలు లెక్కపెట్టండి. వారి దేశపు లక్ష్యసంఖ్యలతో మీ బాబును పోల్చవద్దు, అతని పోయిన వారంతోనే పోల్చండి. నాలుగు వారాలు గీత పైకి లేవకపోతే పిల్లవాడిని కాదు, మీ పద్ధతిని మార్చండి. ఒక పద్ధతికి పరిశోధన పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ పిల్లవాడి విషయంలో అది పనిచేస్తోందో లేదో ఆ గీతే చెబుతుంది.


జవాబు 2
ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

మేడమ్ గారూ, పై జవాబులోని పద్ధతితో నాకు ఏకీభావమే. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలన్నది నా అనుభవం నుంచి చెబుతాను. మా రాష్ట్రంలో 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి జట్లు చేస్తున్నాం. ప్రథమ్ సంస్థ మన దేశంలో చాలాచోట్ల అమలు చేసిన స్థాయికి తగిన బోధన వెనుక కూడా ఇదే ఆలోచన ఉంది. దాని ఫలితాలను ప్రయోగాత్మకంగా పరీక్షించినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. పేదరిక నిర్మూలనపై చేసిన ప్రయోగాత్మక కృషికి వారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

కానీ జట్టు ఒక్కటే చాలదని నేను నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట మా బడిలో అక్షర స్థాయిలో ఆరుగురు పిల్లలు ఉండేవారు. అందరికీ ఒకే పాఠం, ఒకే సమయం ఇచ్చాను. రెండున్నర నెలల్లో ఐదుగురు పదాల స్థాయికి వెళ్లారు, ఒక పాప మాత్రం కదలలేదు. ఆ ఐదుగురూ వలసల వల్లనో, కరోనా వల్లనో పాఠం పోగొట్టుకున్నవారు. ఆ పాప రోజూ బడికి వచ్చింది, వింది, అయినా రాలేదు. మంచి బోధన అందాక కూడా ఎవరు ఆగిపోతున్నారో చూస్తే ప్రత్యేక సహాయం ఎవరికి కావాలో తెలుస్తుంది. అమెరికాలో 2004 నాటి చట్టం, అభ్యసన లోపాన్ని గుర్తించేటప్పుడు ఇలా పిల్లల స్పందనను లెక్కలోకి తీసుకోవడానికి వీలు కల్పించింది. కాబట్టి మీ బాబును ఒంటరిగా కాకుండా అదే స్థాయిలో ఉన్న మరో ఇద్దరు ముగ్గురితో కలిపి కూర్చోబెట్టండి. సమయమూ కలిసివస్తుంది, అతనికి చిన్నతనమూ ఉండదు.

మరొక మనవి. తరగతి అంతా వింటుండగా అతన్ని లేపి చదివించకండి. సైన్సు, లెక్కలలో జవాబు నోటితో చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. నోటి లెక్క వచ్చిన పిల్లవాడు కాగితం మీద 52లో నుంచి 37 తీసివేయలేకపోతే, ఈనెపుల్లలను పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పి చేయించండి. తర్వాత అదే బొమ్మగా గీయించి, ఆపైనే అంకెలకు వెళ్లండి.


జవాబు 3
ఒక తల్లి, విశాఖపట్నం

టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. మూడో తరగతిలో ఉండగా ఆమెది సోమరితనమని మేమే అనుకున్నాం, కొట్టాం కూడా. ఆ తర్వాత ఒక ప్రైవేటు కేంద్రంలో ఏడు నెలలు రంగు కాగితాలకు, కంటి వ్యాయామాలకు డబ్బు కట్టాం. చదువు అక్కడే ఉంది, పాపకు మాత్రం తనలో ఏదో పెద్ద లోపం ఉందన్న భయం పట్టుకుంది. ఆ తండ్రికి ఈ మాట మీరు తప్పక చెప్పండి.

చట్టం విషయంలో నాకు తెలిసింది రాస్తున్నాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ప్రస్తావన లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను (డిస్లెక్సియా వంటివి) 21 రకాల వైకల్యాలలో చేర్చింది. పిల్లలలో వాటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన చేయాలని దాని 16వ సెక్షన్ చెబుతోంది. మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులే ప్రాథమిక పరిశీలన చేయాలని 2018 జనవరిలో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మీ బాబుకు ఆ వయసు దాటింది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను పిలిపించండి.

వైకల్య సర్టిఫికెట్ ఉంటే పదో తరగతిలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సదుపాయాలు అడగవచ్చు. అప్పటికి చూద్దాంలే అని వాయిదా వేయవద్దని నా విన్నపం. మా అమ్మాయిని పరీక్షించినప్పుడు అందరికన్నా ఉపయోగపడింది ఆమె నాలుగో తరగతి టీచర్ గారు దాచిన నోటుపుస్తకం. తప్పులు, తేదీలు, అప్పుడు ఏం నేర్పారో, తర్వాత ఏం మారిందో ఆమె అందులో రాసి ఉంచారు. మీరు ఇప్పటికే ఆ పని మొదలుపెట్టారు, ఆ కాగితాలు పారేయకండి.


ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగు వారాలు గడిచాక రాస్తున్నాను. చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయి, రెండూ బాగానే ఉన్నాయి. బాబుతో పాటు మరో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి ప్రార్థన కాగానే మొదలుపెడుతున్నాను. నిమిషానికి అతను సరిగ్గా చదివిన అక్షరాలు మొదటి వారం 17, రెండవ వారం 16, మూడవ వారం 22, నాలుగవ వారం 27. రెండవ వారం నేను గుడి, గుడిదీర్ఘం కలిపి చెప్పాను, వద్దని మీరు ఎందుకన్నారో ఆ అంకె చూశాక తెలిసింది. నిన్న ‘రాత్రి’ అనే మాట దగ్గర ఆగి, కింద చూసి, ‘టీచర్, ఇది అత్తలోది కాదు, కర్రలోది’ అన్నాడు. వేళ్లు లెక్కపెట్టడం పూర్తిగా పోలేదు గానీ గుడికీ కొమ్ముకూ మాత్రం లెక్కపెట్టడం లేదు. తండ్రితో మాట్లాడాను, పట్నం ప్రయాణం మానుకున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. మా పాఠ్యపుస్తకంలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉంటాయి. రెండింటినీ ఇదే పద్ధతిలో ఒకేసారి నేర్పవచ్చా?


జవాబు 1 రాసిన ప్రత్యేక విద్యా బోధకురాలు

‘కర్రలోది’ అన్న మాట చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ‘రాత్రి’లో ఉన్నది రావత్తేనని తానే పోల్చుకున్నాడంటే, అక్షరాన్ని పాటలో నుంచి విడదీసి చూడటం మొదలైందన్నమాట.

ఇంగ్లీషు చదివించడం ఇప్పుడే మొదలుపెట్టవద్దు, కానీ వినిపించడం మానవద్దు. ఇంట్లో మాట్లాడే భాషలో ధ్వనులను విడదీయడం వస్తే ఆ నేర్పు రెండవ భాషకు చాలావరకు తోడుగా వెళుతుంది, అక్షరాలు మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్పవలసిందే. ‘క్’కు ‘ఇ’ కలపడం తెలిసిన పిల్లవాడికి ‘కిట్’, ‘పిన్’ వంటి చిన్న ఇంగ్లీషు మాటలను ధ్వనులుగా విడదీయడం కొత్తగా ఉండదు. ఈ లోపు ఎదుటి పుటను మీరే చదివి, అర్థం తెలుగులో చెప్పించుకోండి. మాటలు చెవిలో పడుతూ ఉంటాయి. నిమిషపు గీత వరుసగా ఆరు వారాలు పైకి వెళ్లి, ఒత్వం, ఓత్వం కూడా వేళ్లు లేకుండా వచ్చాక, ఇంగ్లీషుకు వేరే పది నిమిషాలు, వేరే నోటుపుస్తకం పెట్టండి. వచ్చే వారం ఎత్వం ఒక్కటే పరిచయం చేయండి, ఏత్వాన్ని ఇంకా ముట్టుకోకండి. ఐదవ వారం అంకె ఇక్కడే రాయండి, చూస్తాను.